కరపత్రమా, మ్యాప్సా, వాట్సాపా? ముందే వెతికి వచ్చే గిరాకీ కోసం ఏది ఎంచుకోవాలి

నల్లగొండ ప్రకాశం బజార్‌కు దగ్గర్లో నీటి శుద్ధి యంత్రాలు అమ్మే ఒక దుకాణానికి నేను ప్రచార రాతలు రాస్తుంటాను. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుని ఉండగా మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి కౌంటర్ మీద పెట్టారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు పంపిన వాయిస్ మెసేజ్ మోగింది. "నాన్నా, డబ్బు కట్టే ముందు ఇవి అడుగు. ఫ్లోరైడ్ పోతుందా, ఉప్పదనం ఒక్కటే తగ్గుతుందా? మెంబ్రేన్ ఎన్నాళ్లకు మార్చాలి? మార్చినప్పుడల్లా ఎంతవుతుంది? సర్వీసు మనిషి నల్లగొండలోనే ఉంటాడా, హైదరాబాద్ నుంచి రావాలా?"

యజమాని నాలుగింటికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. బేరం కుదిరింది. ఆయన వెళ్లాక, కౌంటర్ మీద కట్టగా పేర్చి ఉన్న మా కరపత్రం ఒకటి తీసి చదివాను. 'నాణ్యతకు మారుపేరు', 'సరసమైన ధరలు', 'మీ ఆరోగ్యమే మా ధ్యేయం' అని రాసింది నేనే. ఆ అబ్బాయి అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. నాలుగూ ఫోనులో వెతికి, చదివి, తేల్చుకోలేక మిగిలిన ప్రశ్నలు. వాటికి జవాబు ముందే ఎక్కడో రాసి ఉంటే ఆ కుటుంబం ఇంట్లో కూర్చునే మా దుకాణాన్ని ఎంచుకునేది. ఆయన ఇటు కాకుండా పక్క దుకాణం మెట్లెక్కి ఉంటే బేరం అక్కడే కుదిరేది.

కొనే ముందు వెతకడం మన దగ్గర కొత్తేమీ కాదు. బోరు మోటారు కొనాలంటే ముందు మెకానిక్‌ను, తర్వాత పక్క చేను రైతును, ఆ తర్వాత బావమరిదిని అడిగి కొనే ఊళ్లు మనవి. ఇప్పుడు ఆ వరుసలోకి ఫోను కూడా వచ్చి చేరింది. వస్తువు అల్మారాలో కొనుగోలుదారు కంటపడే క్షణాన్ని వ్యాపారానికి మొదటి పరీక్షగా కంపెనీలు చాలాకాలం లెక్కించాయి. అంతకంటే ముందే, ఇంటర్నెట్‌లో వెతుకుతున్నప్పుడే నిర్ణయం సగం జరిగిపోతోందని చెప్పడానికి 2011లో గూగుల్ దానికి 'జీరో మూమెంట్ ఆఫ్ ట్రూత్' అని ప్రత్యేకంగా పేరే పెట్టింది. మన ప్రాంతంలో దీనికి ఒక అదనపు మెలిక ఉంది. వెతికేది ఒకరు, డబ్బు కట్టేది ఇంకొకరు. కొడుకు ఎల్బీనగర్‌లో వెతుకుతాడు, తండ్రి దేవరకొండలో కొంటాడు. కూతురు గచ్చిబౌలిలో చూసి పంపుతుంది, తల్లి వనపర్తిలో చీర పట్టి చూస్తుంది. కాబట్టి ఏ మాధ్యమం ఎంచుకున్నా రెండు సంగతులు చూడాలి. వెతికేవారి ప్రశ్నకు అక్కడ జవాబు దొరకాలి. ఆ జవాబును ఇంట్లో వాళ్లకు పంపడం తేలిక కావాలి. నేను కింద చేస్తున్న పోలిక అంతా ఈ రెండింటిని బట్టే.

మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి

చిన్న దుకాణానికి గూగుల్ మ్యాప్స్‌లో వివరాలు నమోదు చేసుకోవడం మొదటి పని అని నా గట్టి అభిప్రాయం. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. అయినా జడ్చర్ల నుంచి మిర్యాలగూడ వరకు నేను చూసిన దుకాణాల్లో చాలా వాటికి ఈ పేజీ సగం సగంగా ఉంటుంది. ఎవరో వెళ్తూ వెళ్తూ తీసిన ఫొటో, మారిపోయిన ఫోను నంబరు, ఆదివారం మూసి ఉన్నా 'తెరిచి ఉంది' అని చూపే వేళలు. నలభై కిలోమీటర్లు బస్సెక్కి వచ్చి తాళం చూసి వెనుదిరిగిన మనిషి మళ్లీ ఆ దుకాణం ముఖం చూడడు.

ఇక్కడ రాయాల్సింది తక్కువే, కానీ ప్రతి ముక్కా పని చేయాలి. దుకాణం పేరు బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి. పేరు చివర 'నల్లగొండలో నంబర్ వన్ ఆర్‌ఓ డీలర్' వంటి తోకలు తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేజీకే ముప్పు. వివరణలో మీరు అమ్మేవి, మరమ్మతు చేసేవి, మీ మనిషి ఏయే మండలాల దాకా వస్తాడో రాయండి. 'క్లాక్ టవర్ నుంచి బస్టాండ్ వైపు వెళ్తుంటే ఎడమ చేతి వైపు' వంటి గుర్తు ఒకటి ఇవ్వండి. ఫొటోలు మీరే తీయండి. షట్టరు, లోపల కౌంటర్, పని చేసే మెకానిక్ కనిపించాలి. కంపెనీ పంపిన మెరిసే బొమ్మలు అన్ని దుకాణాల పేజీల్లోనూ ఒకేలా ఉంటాయి.

ఈ పేజీకి ప్రాణం రివ్యూలే. చాలామంది యజమానులు వాటిని మార్కుల జాబితాలా చూస్తారు. నేను వాటిని మనం రాయని, మన పేరుతో ఉన్న ప్రకటనగా చూస్తాను. అన్నీ ఐదు చుక్కలే, అన్నీ 'గుడ్ సర్వీస్' అన్న రెండు ముక్కలే ఉంటే చదివేవారికి అనుమానం వస్తుంది. ఎవరో మూడు చుక్కలిచ్చి 'మోటారు మంచిదే, బిగించడానికి రెండు రోజులు ఆలస్యం చేశారు' అని రాస్తే, దాని కింద మీరు 'ఆ వారం వర్షాల వల్ల మా మనిషి రాలేకపోయాడు, ముందే ఫోను చేసి చెప్పి ఉండాల్సింది, ఇకపై చెబుతాం' అని జవాబు రాస్తే, ఆ రెండు వాక్యాలు మీరు అచ్చు వేయించే ఏ కరపత్రం కంటే ఎక్కువ నమ్మకం తెస్తాయి. జవాబులు మీరే రాయండి, తెలుగులో రాయండి. కోపం వచ్చిన రోజు రాయకండి, మరుసటి ఉదయం రాయండి.

రివ్యూలు కొనుక్కోవడం గురించి నన్ను అడగని యజమాని లేడు. 'వందకు ఇంత' అని ఫోనులో వచ్చే బేరాలు నిజమే. వాటి జోలికి వెళ్లకండి. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామని బోర్డు పెట్టడం కూడా గూగుల్ ఒప్పుకోదు. రివ్యూల విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 పేరుతో ఒక ప్రమాణం తెచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చట్టం సంగతి అటుంచినా, మన ఊళ్లలో అబద్ధపు రివ్యూ ఎన్నాళ్లో నిలవదు. రాసిన పేర్లలో ఒక్కరూ తెలిసినవాళ్లు లేరని జనం ఇట్టే పసిగడతారు.

వాట్సాప్: మన ప్రాంతానికి బాగా నప్పేది

మ్యాప్స్ పేజీ వెతికేవారికి పనికొస్తే, వాట్సాప్ బిజినెస్ ఆ జవాబును ఇంట్లో వాళ్లకు చేరవేస్తుంది. కొడుకు చూసి తండ్రికి పంపే మన అలవాటుకు ఇంతకంటే అనువైన సాధనం నాకు కనిపించలేదు. అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు, తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఉంచుకోవచ్చు.

అయితే చాలా దుకాణాలు దీన్ని పండగ శుభాకాంక్షల పలకగా మార్చేశాయి. ఉదయం ఏడు గంటలకు పూల బొమ్మ, దాని మీద దుకాణం పేరు. నాలుగు రోజులు చూసి జనం నంబరు బ్లాక్ చేస్తారు. వాట్సాప్‌లో అడిగినప్పుడే మాట్లాడండి, మాట్లాడినప్పుడు పూర్తిగా చెప్పండి. ఒక వస్తువుకు ఒకే సందేశం ఉండాలి. ఫోను తెర రెండుసార్లు జరిపితే అయిపోయేంత పొడవు చాలు. తండ్రి చేతిలో ఆ ఒక్క సందేశం ఉంటే కౌంటర్ దగ్గర మిగతాదంతా నడిచిపోవాలి. మోటార్లు అమ్మే మిత్రుడికి నేను రాసిచ్చిన సందేశంలో ఉన్నవి ఇవే: ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు, ఎన్ని అడుగుల లోతు దాకా పనిచేస్తుంది, ఏ సైజు బోరులో దిగుతుంది, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, వైండింగ్ రాగిదేనా, కాలిపోతే వారంటీ కింద ఏది వస్తుంది, ఏది రాదు. ఆ చివరి ముక్క రాయడానికి ఆయన వారం రోజులు ఒప్పుకోలేదు. వోల్టేజీ హెచ్చుతగ్గులకు కాలిన మోటారుకు వారంటీ రాదని ముందే చెబితే కొనరేమో అని ఆయన భయం. రైతులకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు. తెలిసిన నిజాన్ని దుకాణదారు నోట వినడమే వాళ్లకు కొత్త. అది రాశాక స్టార్టరు గురించి కూడా అడిగి, కొని వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారని ఆయనే చెప్పారు.

వీడియో, ఆన్‌లైన్ అంగడి, సొంత వెబ్‌సైటు

తాకి చూస్తే తప్ప నమ్మకం కుదరని వస్తువుకు వీడియోను మించింది లేదు. మన దగ్గర అలాంటి వస్తువులకు కొదవ లేదు. గద్వాల చీర, నారాయణపేట చీర, పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక తేలియా రుమాలు, అన్నింటికీ భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పే జీఐ ముద్ర) ఉంది. పోచంపల్లికైతే 2005 ప్రాంతంలోనే వచ్చింది. కానీ ఆ గుర్తింపు ముద్ర గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా 'అద్భుతమైన డిజైన్లు, అందుబాటు ధరలు' అని వీడియో చేస్తే, వెతికేవారు అడిగే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. ఇది మగ్గం మీద నేసిందా, ప్రింటా?

ఆ ప్రశ్నకు నలభై సెకన్లలో జవాబు చూపించవచ్చు. చీర ముందు వైపు, వెంటనే వెనుక వైపు కెమెరా దగ్గరగా పట్టండి. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు కొద్దిగా కదిలినట్టు కనిపిస్తాయి. ప్రింటు చీర వెనుక వైపు వెలిసినట్టు ఉంటుంది. గద్వాలలో అయితే నూలు ఒళ్లు, పట్టు అంచు కలిసే చోటు చూపండి. ఆ రెండూ విడివిడి పోగులు, మగ్గం మీదే ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. వేలితో ఆ గీత వెంట నడుపుతూ చూపిస్తే మాటలు పెద్దగా అక్కర్లేదు. జరీ ఎలాంటిదో మాత్రం నోటితో చెప్పాల్సిందే. వెండి తీగ మీద బంగారు పూత ఉన్నదా, రాగి తీగ మీద పూత వేసిందా, ప్లాస్టిక్ జరీనా అన్నది ధరను ఎంతో మారుస్తుంది. వీడియోకు రాసే మాటలూ ప్రచార రాతే. మొదటి వాక్యం 'నమస్కారం, మా షోరూముకు స్వాగతం' అని మొదలైతే చూసేవారు వేలితో పైకి నెట్టేస్తారు. 'ఈ చీర మగ్గానిదో కాదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?' అని మొదలైతే ఆగుతారు.

ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మాలా వద్దా అంటే, నేతకారులకు, చిన్న దుకాణాలకు తొందరపడవద్దనే చెబుతాను. అక్కడ 'గద్వాల స్టైల్' పేరుతో పవర్‌లూమ్ చీరలు మీ పక్కనే, మీ ధరలో పదో వంతుకు కనిపిస్తాయి. తిరిగి వచ్చే సరుకు భారమూ మీదే. రివ్యూలు ఎన్ని వచ్చినా ఆ సైటులోనే ఉండిపోతాయి. కానీ అమ్మకపోయినా రోజూ అక్కడికి వెళ్లండి. మీరు అమ్మే వస్తువుకు వచ్చిన మూడు చుక్కల రివ్యూలు చదవండి. ఐదు చుక్కలవాళ్లు పొగిడి వదిలేస్తారు, ఒక చుక్కవాళ్లు కోపంలో ఉంటారు. మూడు చుక్కలవాళ్లే ఏది బాగుందో, ఏది బాగాలేదో విడదీసి చెబుతారు. 'జాకెట్టు గుడ్డ ఇస్తారని రాయలేదు', 'రంగు ఫొటోలో వేరుగా ఉంది', 'ఉతికితే రంగు దిగింది'. నా రాతల్లో సగం ఇలా దొరికినవే. కొనేవాళ్లు వాడిన మాటే మీ సందేశంలో వాడితే, వెతికినప్పుడు దొరకడమూ తేలికే.

సొంత వెబ్‌సైటు అవసరం కొద్దిమందికే. వేరే రాష్ట్రాలకు సరుకు పంపే చేనేత సంఘానికి, పెద్ద ఫంక్షన్ హాలుకు తప్ప మిగతావారు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. ఫంక్షన్ హాలువాళ్లు కూడా అందులో భోజనాల గదిలో ఎంతమంది పడతారో, ఎన్ని కార్లు నిలుస్తాయో, కరెంటు పోతే జనరేటర్ ఎంతవరకు నడుస్తుందో రాస్తే చాలు. పెళ్లివారు వెతికేవి అవే.

ధర రాయాలా, దాచాలా

ఇది ప్రతి దుకాణంలో జరిగే వాదన. 'ధర కోసం సంప్రదించండి' అని రాస్తే ఫోను వస్తుందని యజమానుల నమ్మకం. నాకు మాత్రం వ్యతిరేక అనుభవమే ఎక్కువ. వెతికేవారు ఆన్‌లైన్‌లో నాలుగు చోట్ల ధర చూసే ఉంటారు. మీరొక్కరే దాస్తే ఎక్కువే అయి ఉంటుందని అనుకుంటారు, ఫోను దాకా రారు. ఫిల్టరు, మోటారు, మిక్సీ వంటి ఒకే మోడల్ సరుకుకు ధర నేరుగా రాయండి. ఆన్‌లైన్ కంటే మూడొందలు ఎక్కువైతే ఆ మూడొందలకు ఏం ఇస్తున్నారో పక్కనే రాయండి: ఇంటికి తెచ్చి బిగించడం, ఏడాదిలో రెండుసార్లు ఉచితంగా చూడడం. చీరలకు మాత్రం ఇంత నుంచి ఇంత వరకు అని రాసి, తేడా ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి. పోటీ దుకాణం చూస్తుందన్న భయం వద్దు, మీ ధర వాళ్లకు ముందే తెలుసు.

'ఈ రోజే చివరి రోజు', 'రెండే మిగిలాయి' వంటివి నిజమైతేనే రాయండి. లేని తొందర పుట్టించడాన్ని కేంద్రం 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవారిని మాయచేసే ఎత్తుగడల) మార్గదర్శకాలు తప్పుగా గుర్తించాయి. అవి ప్రధానంగా ఆన్‌లైన్ వేదికలకు వర్తిస్తాయి. అయినా దసరా దాకా 'చివరి మూడు రోజులు' బోర్డు వేలాడే వీధిలో ఆ మాటను జనం నమ్మడం మానేశారు. ఇంకొకటి, 2022 జూన్ నాటి ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం షరతులు కూడా ప్రకటన ఉన్న భాషలోనే ఉండాలి. తెలుగులో పెద్దగా తగ్గింపు రాసి, కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో షరతులు పెట్టే అలవాటు ఇకనైనా పోవాలి.

కరపత్రం పని అయిపోయిందా

అవలేదు. కొత్త దుకాణం తెరిచినప్పుడు, బతుకమ్మకు ముందు, పేపరులో మడిచి వచ్చే కరపత్రానికి ఇప్పటికీ చూపు ఆగుతుంది. దానికి వెతికేవారు అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ల చేతికే నేరుగా అందుతుంది. పల్లెల్లో ఆటోకు మైకు కట్టి తిప్పడమూ అంతే. మీ డబ్బు పరిమితంగా ఉంటే, సర్వీసు అవసరమైన సరుకుకు మ్యాప్స్, వాట్సాప్ ముందు, ఏడాదికి ఒకటి రెండుసార్లు కరపత్రం. చీరలకు వీడియో, వాట్సాప్ ముందు, మ్యాప్స్ తర్వాత. టిఫిన్ సెంటర్‌కు మ్యాప్స్ ఒక్కటే చాలు.

మొదట చెప్పిన నీటి శుద్ధి యంత్రాల దుకాణానికి నేను రాతంతా మార్చేశాను. దశాబ్దాలుగా ఫ్లోరైడ్ మాట వింటూ పెరిగిన జిల్లా ఇది. ఆ నీటిని బాగుచేసే ఒక పద్ధతికే 'నల్లగొండ పద్ధతి' అని పేరుంది. ఇక్కడి జనానికి 'స్వచ్ఛమైన నీరు' అన్న మాట సరిపోదు. ఇప్పుడు వాట్సాప్‌లో వెళ్లే సందేశం ఇలా ఉంటుంది:

'మీ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంటే యూవీ ఫిల్టరుతో అది పోదు. కాచినా పోదు. ఆర్‌ఓ మెంబ్రేన్ ఉన్న యంత్రంతో చాలా భాగం తగ్గుతుంది. నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు, కాబట్టి ముందు నీటిని ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతి ఉంది. యంత్రం బయటికి వదిలేసే వృథా నీటిని తాగడానికి, వంటకు వాడవద్దు. మీ ఇంటికి వచ్చే మిషన్ భగీరథ నీటిలో ఫ్లోరైడ్ పరిమితిలోనే ఉంటే ఈ యంత్రం మీకు అవసరం ఉండకపోవచ్చు. ల్యాబ్ కాగితం తీసుకురండి, చూసి చెబుతాం.'

చివరి రెండు వాక్యాల దగ్గర యజమాని ఆగిపోయారు. వచ్చే గిరాకీని మనమే వెనక్కి పంపుతున్నామని అన్నారు. ఆ అబ్బాయి లాంటివాళ్లు ఈ సంగతి ఎలాగూ ఎక్కడో చదువుతారని, మన దగ్గరే చదివితే మనల్ని నమ్ముతారని చెప్పాను. రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. ఇప్పుడు ల్యాబ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లు కనిపిస్తున్నారు. కొందరికి యంత్రం వద్దని చెప్పి పంపాం కూడా.

కొత్త కరపత్రం పోయిన నెలలో అచ్చు వేయించాం. ముందు వైపు దుకాణం పేరు, దారి గుర్తు, ఫోనుతో స్కాన్ చేసే కోడ్ ఉన్నాయి. వెనుక వైపు మర్రిగూడ అబ్బాయి అడిగిన నాలుగు ప్రశ్నలు, వాటి కింద జవాబులు, చివర సర్వీసుకు వచ్చే మెకానిక్ ఫోను నంబరు.